చిత్రాలు అమ్ముడుపోవాలంటే బ్లాగులో ఏం రాయాలి? రాజాం చిత్రకారిణి ప్రశ్నకు సమాధానం

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. మీరు రాజాంలో బడిలో పాఠాలు చెప్పుకుంటూ, గత నాలుగేళ్లలో నలభైకి పైగా అక్రిలిక్ చిత్రాలు వేశారు. వాటిలో నాగావళి ఒడ్డు దృశ్యాలు, తప్పెటగుళ్ళ కళాకారులు, పాత పెంకుటిళ్ళు ఎక్కువ. కొన్ని మాత్రం వడ్డాది పాపయ్య గారి చిత్రాలకు నకళ్ళు. ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే వందలమంది మెచ్చుకుంటున్నారు గాని ధర అడిగినవారు ఒక్కరూ లేరు. ఆరు నెలల క్రితం బ్లాగు మొదలుపెట్టి ఏడు టపాలు రాశారు, అక్కడా ఏమీ అమ్ముడుపోలేదు. బ్లాగు వల్ల నిజంగా ప్రయోజనం ఉందా, ఉంటే అందులో ఏం రాయాలి అన్నది మీ సందేహం.

నేను శ్రీకాకుళంలో ఉంటూ పన్నెండేళ్లుగా నా చిత్రాలను సొంత బ్లాగు ద్వారానే అమ్ముతున్నాను. మొదటి చిత్రం అమ్ముడుపోవడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది కాబట్టి, ఆరు నెలలకే నిరుత్సాహపడవద్దని ముందుగా చెప్పాలి. ప్రయోజనం తప్పకుండా ఉంది. అయితే బ్లాగు దుకాణంలా పనిచేయదు. ఒక చిత్రాన్ని తన ఇంటి గోడకు తగిలించుకోదలచిన మనిషికి, ఆ చిత్రం గురించి తెలియవలసిన సంగతులన్నీ ఒకచోట, ఏళ్ల తరబడి చెదరకుండా దొరికే స్థలంగా అది పనిచేస్తుంది. మీ ఏడు టపాలనూ చదివాను. ప్రతిదానిలోనూ ఒక ఫొటో, దాని కింద "సాయంత్రం, అక్రిలిక్ ఆన్ కాన్వాస్" వంటి ఒక ముక్క, ఆపైన "ఎలా ఉందో చెప్పండి" అన్న అభ్యర్థన ఉన్నాయి. ఎలా ఉందో చెప్పమంటే చదివినవారు ఎలా ఉందో చెప్పి వెళ్ళిపోతారు. అది అమ్మకానికి ఉందని గాని, దాని కొలత ఎంతని గాని, ధర ఎంతని గాని, డబ్బు కడితే ఇంటికి ఎలా చేరుతుందని గాని ఏడు టపాలలో ఒక్కచోట కూడా లేదు. ఈ లోపాన్ని ఒక్క సాయంత్రంలో సరిచేసుకోవచ్చు. అంతకంటే పెద్ద విషయం, మీ చిత్రాలు కొనేవారు ఎవరన్నది మీరింకా ఆలోచించకపోవడం.

నా దగ్గర చిత్రాలు కొన్నవారిలో ఎక్కువమంది ఈ ప్రాంతం విడిచి వెళ్ళినవారే. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి హైదరాబాద్‌కో, చెన్నైకో, విశాఖకో, దేశం దాటో వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు లెక్కలేనన్ని ఉన్నాయి. వారు పండగకు వచ్చి వెళ్ళినా, ఏడాదిలో మిగిలిన రోజులన్నీ ఊరికి దూరంగానే గడుపుతారు. అక్కడ కొత్త ఇల్లు కట్టుకున్నాక హాలు గోడకు ఏదో ఒక చిత్రం కావాలనుకుంటారు, అంగడిలో దొరికే అచ్చు చిత్రం నచ్చదు, ఒక రాత్రి కూర్చొని తమ ఊరి పేరు తెలుగులోనే కొట్టి వెతుకుతారు. ఇక్కడే మీకు గొప్ప అనుకూలత ఉంది. హైదరాబాద్ చార్మినార్ చిత్రమని వెతికితే వేల పేజీలు వస్తాయి, మీ పేజీ వాటి మధ్య కనిపించదు. కళింగపట్నం దీపస్తంభం అనో, శ్రీముఖలింగం గుడి అనో, బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో వీణ చెక్కేవారి చిత్రం అనో తెలుగులో వెతికితే, ఆ పేరుతో శ్రద్ధగా రాసిన పేజీలు వేళ్ళమీద లెక్కపెట్టదగినన్నే ఉంటాయి. అందువల్ల మీ టపా పేరు "సాయంత్రం" అని ఉండకూడదు. ఏ ఊరు, ఏ రేవు, ఏ నెల అన్నది పేరులోనే ఉండాలి. ఫొటో ఫైలుకు ఫోన్ పెట్టిన అంకెల పేరును అలాగే వదిలేయకుండా చిత్రం పేరు, ఊరి పేరు పెట్టండి. ఫొటోకు ప్రత్యామ్నాయ వచనం (ఆల్ట్ టెక్స్ట్) రాసే చోటు బ్లాగులో ఉంటుంది, అక్కడ చిత్రంలో ఏముందో ఒక వాక్యంలో రాయండి. గూగుల్ వంటి వెతికే యంత్రం బొమ్మను మనిషి చూసినట్టు చూడలేదు, చుట్టూ ఉన్న మాటలను బట్టే అది చాలావరకు గ్రహిస్తుంది.

ఇన్‌స్టాగ్రామ్ మానేయమని నేను చెప్పను. అది నలుగురికీ కనబడే సంత లాంటిది, అక్కడి నుంచి మనుషులను మీ ఇంటికి పిలుచుకోవాలి. అక్కడ పెట్టిన చిత్రం రెండు రోజులలో అడుగుకు పోతుంది, బ్లాగు టపా మాత్రం ఎనిమిదేళ్ల తరువాత కూడా వెతికినవారికి దొరుకుతుంది. పైగా ఇతరుల స్థలం ఎప్పుడు మూతపడుతుందో మన చేతిలో ఉండదు. 2014లో ఆర్కుట్ మూతపడింది, 2019లో గూగుల్ ప్లస్ మూతపడింది, 2020 జూన్ చివరిలో టిక్‌టాక్‌ను మన దేశంలో ఒక్క రాత్రిలో నిషేధించారు. వాటి మీదే ఆధారపడిన కళాకారులు తమను చూసేవారందరినీ ఒక్కసారిగా పోగొట్టుకున్నారు. బ్లాగర్‌లో ఉచితంగా మొదలుపెట్టినా, ఏడాదికి సుమారు వెయ్యి రూపాయలు ఖర్చుపెట్టి సొంత పేరుతో డొమైన్, అంటే మీదైన వెబ్ చిరునామా, తీసుకోండి. రేపు ఆ సేవ మారినా చిరునామా మీదే ఉంటుంది. టపాలనూ ఫొటోలనూ ఆరు నెలలకొకసారి మీ కంప్యూటర్‌లోకి దించి దాచుకోండి.

ఇక ఏం రాయాలి అన్న ప్రశ్నకు వద్దాం. ఇదే నా సమాధానంలో ముఖ్యమైన భాగం. సిద్ధాంతం చెప్పడం కంటే నేను రాసిన టపా ఒకటి ఇక్కడ ఇస్తే మీకు స్పష్టంగా తెలుస్తుంది. టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి ఏటా సెప్టెంబరు ప్రాంతంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి, గూళ్ళు కట్టుకొని పిల్లలను పెంచి, వేసవి ముదరక ముందే వెళ్ళిపోతాయి. వాటి మీద వేసిన చిత్రాన్ని మొదట "వలస పక్షులు" అన్న రెండు మాటలతో పెట్టాను. ఏడాదిన్నర పాటు ఎవరూ అడగలేదు. తరువాత అదే ఫొటో కింద ఈ మాటలు రాశాను:

"నవంబరు రెండో వారంలో తేలినీలాపురం వెళ్ళినప్పుడు ఒక్క చెట్టు మీద ఎర్రకాళ్ళ కొంగల గూళ్ళు పదకొండు లెక్కపెట్టాను. చెట్టు కింద పశువుల శాల ఉంది. శాల కప్పు మీద రెట్టలు సున్నం చల్లినట్టు తెల్లగా పడి ఉన్నాయి. ఆ ఇంటి పెద్దావిడ వాటిని కసురుకోకుండా, కూతుళ్ళు పురిటికి వచ్చినట్టు ఏటా వస్తాయని చెప్పింది. చిత్రం కింది భాగంలో కనిపించే తెలుపు ఆ శాల కప్పు మీది తెలుపే. కొంగ వెనుక రెక్కల మీది గులాబి రంగు మూడుసార్లు కలిపినా కుదరలేదు. క్రిమ్సన్‌లో తెలుపుతో పాటు చిటికెడు పసుపు ఓకర్ పడితేనే ఆ నీరెండ ఛాయ వచ్చింది. వెడల్పు 18 అంగుళాలు, ఎత్తు 24 అంగుళాలు, కాన్వాస్ మీద అక్రిలిక్, ఫ్రేము లేదు. ధర 6,500 రూపాయలు, పంపే ఖర్చు అందులోనే. ఇది ఒక్కటే ఉంది, దీనికి నకలు వేయను."

నాలుగో నెలలో హైదరాబాద్ నుంచి ఒకాయన రాశారు. వారి అమ్మమ్మగారి ఊరు టెక్కలి పక్కనేనట, చిన్నప్పుడు ఆ శాల కప్పుల కిందే ఆడుకున్నారట. ధర గురించి ఒక్క మాట మాట్లాడకుండా డబ్బు పంపారు. ఆయన కొన్నది కొంగను కాదనీ, శాల కప్పు మీది తెలుపును కొన్నారనీ నాకు అప్పుడు అర్థమైంది. బొమ్మలో ఆ తెలుపు మొదటి నుంచీ ఉంది, కాని అదేమిటో చెప్పేవరకు ఆయనకు అది వట్టి రంగు పూతే.

కాబట్టి ప్రతి చిత్రానికీ అటువంటి ఒక్క సంగతి, మీరు అక్కడ నిలబడితే తప్ప తెలియనిది, రాయండి. పొందూరు ఖద్దరు గురించి విన్నవారికి ఎవరికైనా మొదట గుర్తుకొచ్చేది దూదిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేస్తారన్న ముచ్చటే. నూలు ఎంత సన్నమో చూసి గుర్తించగలిగినవారు కొద్దిమందే, ఆ చేప దవడ మాత్రం ఒక్కసారి విన్నా మరపురాదు. మీ నాగావళి చిత్రాలలో ఒకదానిలో ఇసుకతిన్నె మీద తలకిందులుగా బోర్లించిన పడవ ఉంది. అది ఎవరి పడవ, ఎందుకు బోర్లించారు, ఏ నెల, ఏట్లో నీరు ఎంతుంది? ఇవన్నీ మీకు తెలుసు, రాయలేదంతే. "ప్రకృతి అందానికి నా చిన్ని నివేదన" వంటి వాక్యాలు మాత్రం తీసివేయండి. అవి ఏ చిత్రం కిందనైనా సరిపోతాయి కాబట్టి ఏ చిత్రానికీ పనికిరావు. ఉన్న సంగతిని ఉన్నట్టు చెప్పడం తప్ప కల్పించవద్దని కూడా గట్టిగా చెప్తున్నాను. మీరు వెళ్ళని ఊరికి వెళ్ళినట్టు, ఫొటో చూసి వేసినదాన్ని ఎదురుగా కూర్చొని వేసినట్టు రాస్తే, ఆ ఊరివాడు ఒక్కడు చదివినా పట్టుకుంటాడు.

భాష గురించి మీరు అడగలేదు గాని చెప్పక తప్పదు. మీ టపాలలో రెండు పూర్తి ఇంగ్లీషులో ఉన్నాయి, ఒకటి మరీ గ్రాంథికంగా ఉంది. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు, మాట్లాడే మాటకూ రాసే మాటకూ మధ్య అడ్డుగోడ ఉండకూడదని జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టిన నేల మీద కూర్చొని మనం మన ఏటి గురించి మన మాటల్లో రాయడానికి వెనకాడకూడదు. ముందు తెలుగులో రాయండి, చివర ఇంగ్లీషులో నాలుగైదు వాక్యాల సారాంశం ఇవ్వండి. తెలుగు మాట్లాడగలిగినా చదవలేని రెండో తరం పిల్లలు, తెలుగు రాని కొనుగోలుదారులు ఆ నాలుగు వాక్యాల ద్వారా మీ పేజీకి వస్తారు. ఊరి పేర్లు రెండు లిపులలోనూ ఉండాలి.

పాపయ్య గారి చిత్రాలకు వేసిన నకళ్ళ సంగతి. ఆయన మీద మీకున్న భక్తి మీ గీతలో కనిపిస్తోంది, నాకూ అంతే భక్తి ఉంది. 1921లో శ్రీకాకుళంలో పుట్టిన ఆయన చిత్రాలను ప్రదర్శనశాలల్లో చూసినవారికంటే చందమామ, యువ పత్రికల ముఖచిత్రాలుగా చూసినవారే ఎన్నో రెట్లు ఎక్కువ. "వపా" అన్న రెండక్షరాల సంతకం తెలుగు ఇళ్ళలోకి కథలతో పాటు, పత్రికతో పాటు వచ్చింది. బొమ్మ, మాట ఒకే కాగితం మీద చేరితే బొమ్మకు ఎంత ఆయుష్షు పెరుగుతుందో చెప్పడానికి ఆయనకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. మీ బ్లాగు చేయవలసిన పని కూడా అదే. అయితే ఆయన చిత్రాలకు నకళ్ళు వేసి అమ్మడం చట్టరీత్యా తప్పు. మన కాపీరైట్ చట్టం ప్రకారం చిత్రకారుడు మరణించిన తరువాతి ఏడాది మొదలుకొని 60 ఏళ్ల పాటు హక్కు ఉంటుంది. ఆయన 1992 డిసెంబరులో కన్నుమూశారు కాబట్టి 2052 చివరి వరకు హక్కుదారుల అనుమతి లేకుండా ఆ నకళ్ళను అమ్మకూడదు. అభ్యాసం కోసం వేసుకున్నవాటిని ఇంట్లో ఉంచుకోండి, బ్లాగు నుంచి తీసేయండి. చట్టం మాట పక్కన పెట్టినా, అవి మీ సొంత చిత్రాల పక్కన ఉన్నంతకాలం చూసేవారు మిమ్మల్ని నకళ్ళు వేసే మనిషిగానే లెక్కిస్తారు, మీ పడవ వైపు చూడరు.

ఇదే సందర్భంలో ఇంకొక మాట. మీ తరువాతి ప్రయత్నంగా సవర గిరిజనుల రీతిలో చిత్రాలు వేయాలనుకుంటున్నట్టు రాశారు. సీతంపేట మన్యంలోనూ, ఒడిశా సరిహద్దు కొండల్లోనూ సవరలు ఇంటి మట్టిగోడను ఎర్రమట్టితో అలికి, బియ్యప్పిండితో, పుల్లతో వేసే ఆ బొమ్మలు వారికి అలంకారం కావు, పూజలో భాగం. మీరు సవర కుటుంబం నుంచి వచ్చినవారు కాకపోతే, ఆ రీతిని చూసి నేర్చుకొని వేసిందని టపాలో స్పష్టంగా చెప్పాలి, అసలు సవర చిత్రమన్న పేరుతో అమ్మకూడదు. వీలైతే అక్కడి కళాకారుల నుంచి వారి పేరుతో, వారి ధరకు కొనే దారి చదువరులకు చూపండి. దీనివల్ల మీ అమ్మకాలు ఏమాత్రం తగ్గవు.

ఫొటోల విషయం త్వరగా ముగిస్తాను. రాత్రి ట్యూబులైటు కింద తీసిన మీ ఫొటోలలో నాగావళి ఇసుక ఆకుపచ్చగా కనిపిస్తోంది. ఉదయం తొమ్మిది పది గంటల మధ్య, ఎండ నేరుగా పడని ఉత్తరం వైపు అరుగు మీద చిత్రాన్ని నిలబెట్టి, ఫ్లాష్ లేకుండా, ఫోనును చిత్రం మధ్యభాగానికి ఎదురుగా సమాంతరంగా పట్టుకొని తీయండి. పక్కన ఒక తెల్లకాగితం పెట్టి తీసిన ఫొటో ఒకటి ఉంటే రంగు సరిచూసుకోవచ్చు. చిత్రం మొత్తం ఒకటి, కుంచె గీత కనిపించేంత దగ్గరగా ఒకటి, అంచు, వెనుకభాగం కనిపించేలా ఒకటి, గోడ మీద కుర్చీ పక్కన తగిలించి ఒకటి తీస్తే చాలు. ఆ చివరిది చాలా అవసరం, ఎందుకంటే 12 అంగుళాలంటే ఎంతో అంకె చదివి ఊహించుకోలేనివారు కుర్చీని చూసి గ్రహిస్తారు.

ధర చెప్పడానికి మొహమాటపడవద్దు. ధర లేని చిత్రం అమ్మకానికి లేదనే చాలామంది అనుకుంటారు, అడిగి ఇబ్బందిపడటం కంటే ఊరుకోవడం మేలనుకుంటారు. నేను చదరపు అంగుళం లెక్క పాటిస్తాను. పైన చెప్పిన కొంగల చిత్రం 18 ఇంటు 24, అంటే 432 చదరపు అంగుళాలు. అంగుళానికి 12 రూపాయల చొప్పున 5,184. కాన్వాస్, దాన్ని బిగించే చెక్క చట్రం, రంగులకు 850, కట్టి పంపడానికి 450 కలిపితే 6,484 అయింది, 6,500 అని రాశాను. మీరు కొత్తగా మొదలుపెడుతున్నారు కాబట్టి అంగుళానికి 10 రూపాయలు పెట్టుకుంటే, 12 ఇంటు 16 చిత్రానికి 1,920, సామగ్రికి 450, పంపడానికి 250, మొత్తం 2,620 అవుతుంది. ఈ లెక్క వల్ల కలిగే మేలు ఏమిటంటే, బంధువు అడిగినా, బెంగళూరు మనిషి అడిగినా, మీకు చాలా ఇష్టమైన చిత్రమైనా, అంతగా నచ్చనిదైనా ధర ఒకే పద్ధతిలో వస్తుంది. ఈరోజు ఒకరికి 2,600కు ఇచ్చినదాన్ని రేపు మరొకరికి 1,500కు ఇస్తే మొదటివారిని మోసం చేసినట్టే. ధర పెంచదలచుకుంటే ఏడాదికి ఒకసారి, ముందుగా బ్లాగులో చెప్పి, కొద్దికొద్దిగా పెంచండి. అమ్ముడైన చిత్రాల టపాలను తీసివేయకండి. "అమ్ముడైంది" అన్న ఒక్క మాట చేర్చి అలాగే ఉంచితే, ఇక్కడ కొనేవారు ఉన్నారన్న నమ్మకం కొత్తవారికి కలుగుతుంది.

డబ్బు అందుకోవడానికి యూపీఐ చాలు. ఒక్క జాగ్రత్త చెప్తాను, ఎందుకంటే ఈ మోసం నా పరిచయస్థులైన ఇద్దరు చిత్రకారులకు జరిగింది. తాను సైన్యంలో పనిచేస్తున్నాననో, వేరే ఊరికి బదిలీ అయిందనో చెప్పి, బేరం ఆడకుండా రెండు మూడు చిత్రాలు ఒకేసారి తీసుకుంటానంటారు. డబ్బు మీ ఖాతాలో పడాలంటే తాము పంపిన క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి పిన్ కొట్టమంటారు. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు. పిన్ అడిగారంటే మీ డబ్బు బయటికి పోతోందని అర్థం. ఎక్కువ మొత్తానికి చెక్కు పంపి మిగిలింది రవాణా వారికి ఇవ్వమనే విదేశీ ఉత్తరాలు కూడా ఇటువంటివే. బ్యాంకు ఖాతాలో డబ్బు కళ్ళారా చూసుకున్న తరువాతే చిత్రాన్ని గోడ మీద నుంచి దించండి. రాష్ట్రం దాటి అమ్మేటప్పుడు జీఎస్టీ నియమాలు కొంత వేరుగా ఉంటాయి. చేతితో వేసిన చిత్రాలకు హస్తకళల కింద చిన్న అమ్మకందారులకు మినహాయింపు ఉంది, అది మీకు ఏ షరతులతో వర్తిస్తుందో, రాష్ట్రం దాటే సరుకుకు ఏ కాగితాలు కావాలో ఒకసారి ఆడిటర్‌ను అడిగి తెలుసుకోండి.

కట్టి పంపడంలో నేను చేసిన పొరపాటు మీరు చేయకూడదని వివరంగా రాస్తున్నాను. ఒక మే నెలలో అక్రిలిక్ చిత్రాన్ని బబుల్ కాగితంలో నేరుగా చుట్టి విజయవాడ పంపాను. ఎండకు, మన తీరంలోని తేమకు అక్రిలిక్ పూత మెత్తబడి, విప్పి చూసేసరికి ఆకాశం నిండా గుండ్రటి బుడగల ముద్రలు పడి ఉన్నాయి. డబ్బు తిరిగి ఇచ్చి చిత్రాన్ని వెనక్కి తెప్పించుకున్నాను, ఆ ముద్రలు ఈనాటికీ పోలేదు. అందుచేత రంగు మీద ముందుగా బటర్ పేపర్ పరచాలి, దాని మీద అట్ట, ఆ తరువాతే బబుల్ కాగితం, బుడగలు బయటి వైపుకు ఉండేలా. చట్రం విప్పి చుట్టగా పంపేటట్టయితే రంగు వైపు బయటికి ఉండేలా చుట్టి, నాలుగంగుళాల వ్యాసానికి తగ్గని పీవీసీ గొట్టంలో పెట్టండి. లోపలికి చుడితే రంగు పూత నలిగి ముడతలు పడుతుంది. అద్దం వేసిన ఫ్రేముతో ఎప్పుడూ పంపవద్దు, ఫ్రేము వారి ఊళ్ళోనే వేయించుకోమనండి. చిత్రం వెనుక మీ పేరు, చిత్రం పేరు, ఊరు, సంవత్సరం రాసి సంతకం చేయండి. ఇవే వివరాలతో ఒక చిన్న ధ్రువపత్రం కూడా జతచేయండి. చేరిన తరువాత గోడ మీద తగిలించిన ఫొటో ఒకటి పంపమని అడిగి, వారి అనుమతితో, వారి పేరు లేకుండా, బ్లాగులో పెట్టండి.

బ్లాగు నిలదొక్కుకున్నాక ఎవరో ఒకరు తమ ఇంటి చిత్రమో, తాతగారి రూపమో వేసిపెట్టమని అడుగుతారు. సగం డబ్బు ముందే తీసుకోండి, ఎన్నిసార్లు మార్పులు చేస్తారో ముందే చెప్పండి. ఇక్కడ చట్టంలో చాలామంది చిత్రకారులకు తెలియని మెలిక ఒకటి ఉంది. మీరు సొంతంగా వేసి అమ్మిన చిత్రానికి, చిత్రం చేతులు మారినా కాపీరైట్ మీ దగ్గరే ఉంటుంది, రాతపూర్వకంగా ఇస్తే తప్ప పోదు. ఒకరు డబ్బిచ్చి వేయించుకున్న చిత్రానికి మాత్రం, వేరే ఒప్పందం లేకపోతే, 1957 నాటి చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం వేయించుకున్నవారే మొదటి హక్కుదారులవుతారు. అప్పుడు మీరు వేసిన చిత్రాన్నే మీరు కార్డులుగా అచ్చువేసి అమ్ముకోలేరు. కాబట్టి పని ఒప్పుకునేటప్పుడే కాపీరైట్ నా దగ్గరే ఉంటుందని ఒక వాక్యం ఉత్తరంలో రాసి, వారి చేత సరేననిపించుకోండి.

టపాలు ఎన్ని రాయాలన్నది పెద్ద సమస్య కాదు. బడిలో పనిచేస్తూ నెలకు రెండు రాయగలిగితే చాలు, కాని ఆ రెండూ తప్పకూడదు. కాలాన్ని చూసుకోండి. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరం దసరా తరువాతి మంగళవారం జరుగుతుంది, అరసవల్లి రథసప్తమి మాఘంలో వస్తుంది. ఆ పండగల చిత్రాలు పండగ ముగిశాక కాక, నెలా రెండు నెలల ముందే టపాలో ఉండాలి, అప్పుడే వెతికేవారికి అందుతాయి, పంపడానికీ వ్యవధి ఉంటుంది. మీకు ఉత్తరం రాసిన ప్రతివారి ఈమెయిలు చిరునామాను అనుమతి అడిగి ఒక పుస్తకంలో రాసుకోండి, కొత్త చిత్రం పెట్టినప్పుడు వారికి ముందుగా తెలియజేయండి. నా అమ్మకాలలో దాదాపు సగం రెండోసారి కొన్నవారివే, వారందరూ ఆ చిన్న జాబితాలోనివారే.

ఈ వారం మీరు చేయవలసింది ఒక్క చిత్రానికి పరిమితం చేసుకోండి. బోర్లించిన పడవ చిత్రాన్ని ఆదివారం ఉదయం అరుగు మీద పెట్టి మళ్ళీ ఫొటో తీయండి, ఆ పడవ ఎవరిదో, ఎందుకు బోర్లించారో పది పదిహేను వాక్యాలలో రాయండి, కింద కొలత, ధర, పంపే పద్ధతి చేర్చండి. టపా పెట్టాక లంకె ఇక్కడ ఇవ్వండి. ఇసుక రంగు సరిగా వచ్చిందో లేదో చూసి చెప్తాను.